ఆంటొనీనా చరిత్రము: ప్రొకోపియసు చెప్పిన రెండు సాక్ష్యములు

క్రీస్తుశకము ఆఱవ శతాబ్దియందు జస్టీనియను చక్రవర్తికి సేనాపతియై ఆఫ్రికాను, ఇటలీని మఱల రోమక సామ్రాజ్యమునఁ జేర్చిన బెలిసేరియసు పేరు ఐరోపా చరిత్రమును జదివిన వారెల్లరు నెఱిఁగినదే. అతని భార్యయగు ఆంటొనీనా పేరు అంత ప్రసిద్ధము కాదు. ఎఱిఁగినవారును ఆమెను "నాటకశాలనుండి వచ్చిన స్త్రీ" యని యొక్క మాటతోఁ దేల్చి విడుతురు. నటి యొకతె సేనానాయకుని బెండ్లాడి, అతనిని దన చేతిబొమ్మగాఁ జేసికొని, రాజ్యకార్యములను జెఱిచినదని లోకమున వ్యాపించిన కథ. ఈ కథకు మూలమెద్ది, ఆ మూలమునందున్న దెంత, పిమ్మటివారు చేర్చినదెంత యని విచారించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

ఆంటొనీనా చరిత్రమునకు ముఖ్యాధారము ప్రొకోపియసు రచనలు. ఇతఁడు పాలస్తీనాయందలి కైసరియా నగరమువాఁడు. 527వ సంవత్సరమున బెలిసేరియసునకు మంత్రాంగసహాయుఁడుగా నియమింపఁబడి, పారసీక యుద్ధమునను, ఆఫ్రికాలోని వాండలులతో జరిగిన యుద్ధమునను, ఇటలీలోని గోతులతో జరిగిన యుద్ధమునను అతని వెంట నుండెను. కావున నితఁడు వినికిడి మాటలను మాత్రమే వ్రాసినవాఁడు కాఁడు. చాలభాగము కన్నదే వ్రాసెను. ఇతని గ్రంథములలో మనకిప్పుడు కావలసినవి రెండు. మొదటిది యుద్ధచరిత్రము. ఇది యెనిమిది భాగముల గ్రంథము. మొదటి యేడు భాగములును 551వ సంవత్సర ప్రాంతమున వెలువడినవి. రెండవది రహస్యచరిత్రము. దీనికి గ్రీకుభాషలో 'అనెక్డోటా' యని పేరు. ప్రకటింపఁబడనివి యని యర్థము. పదవ శతాబ్దినాఁటి 'సూడా' యను గ్రీకు నిఘంటువున దీని పేరు కలదు గాని, గ్రంథము వాటికను భాండాగారమున మఱుఁగుపడి యుండి, 1623వ సంవత్సరమున నికొలో అలెమాన్ని యను పండితునిచే లియోను నగరమునఁ దొలుత ముద్రింపఁబడెను. నేఁడు లోకమెఱిఁగిన ఆంటొనీనా ముఖ్యముగా నీ ముద్రణమునుండి పుట్టినది.

రహస్యచరిత్రపు పీఠికలోఁ బ్రొకోపియసు ఒక సంగతిని విడమరచి చెప్పినాఁడు. తాను బూర్వగ్రంథమున జరిగిన పనులను వ్రాసితిననియు, ఆ పనులు చేసినవారు జీవించియుండఁగా వాని నిజమైన కారణములను బయలుపఱుచుటకు వీలుపడలేదనియు, ఆ కారణములనే యిప్పుడు వ్రాయుచున్నాననియు దాని భావము. గ్రంథకర్తయే యిచ్చిన యీ తాళపుఁజెవిని జదువరులు చేతఁ బట్టుకొనవలెను. రెండు గ్రంథములకును సాధారణముగాఁ బనులయందు భేదములేదు; కారణములయందు భేదము. పనికి సాక్షులు పలువురుందురు. మనస్సులోని కారణమునకు సాక్షి యెవఁడు?

ముందుగా ఆమె పుట్టుక. రహస్యచరిత్రము చెప్పునదేమనఁగా: ఆంటొనీనా తండ్రియుఁ దాతయు కాన్‌స్టాంటినోపులు, థెస్సలొనీకా నగరములలో రథపుఁబందెములు తోలినవారు, తల్లి 'థుమెలే'యందు దేహమును విక్రయించిన స్త్రీలలో నొకతె. 'థుమెలే' శబ్దము మొదట ఏథెన్సు నగరమందలి డయొనైససు దేవుని రంగశాలలో నడుమనుండిన బలిపీఠమునకుఁ బేరు. పిమ్మటఁ గాలక్రమమున రంగస్థలమునకే పేరాయెను. ఇఁక ఆంటొనీనాను గూర్చి చెప్పునది: చిన్ననాఁట శీలము లేక మెలఁగినదనియు, తలిదండ్రుల కడఁ దిరిగెడు మంత్రగాండ్ర వలన విద్యలు నేర్చినదనియు, పలువురు బిడ్డలను గన్న పిమ్మట బెలిసేరియసునకు భార్య యయ్యెననియు. ఇంతే. ఆమె తాను రంగమెక్కినట్లు ప్రొకోపియసు ఒక్కచోటను జెప్పలేదు. ఇదే గ్రంథమున థియొడోరా రాణి నాటకశాలలో నేమేమి యాడినదో పుటలకొలఁది వర్ణించినవాఁడు, ఆంటొనీనా నటియై యుండినచో నా మాట విడుచునని తలఁచుట కష్టము. 'నటియైన ఆంటొనీనా' యనునది తల్లి వృత్తిని గూఁతునకుఁ గట్టిన పిమ్మటివారి మాట.

ఐనను ఆ వృత్తిముద్ర యామెకుఁ దగులకపోలేదు. దానిని దెలియుటకు నాఁటి రంగమును, నాఁటి ధర్మశాసనమును గొంచెము తెలిసికొనవలెను. ప్రాచీన గ్రీకు విషాదరూపకములలో స్త్రీపాత్రలను సైతము పురుషులే ముఖములకుఁ గప్పులు తగిలించుకొని ధరించెడివారు. ఆఱవ శతాబ్దికి నా రూపకముల యాట యణఁగి, 'మైము' అను హాస్యరూపకము జనాదరము పొందియుండెను. దీనియందు ముఖమునకుఁ గప్పు లేదు; స్త్రీపాత్రలను స్త్రీలే ధరింతురు. మన ప్రహసనమునకు దగ్గఱి జాతి. రథపుఁబందెముల పక్షములగు నీలపక్ష, హరితపక్షముల వారికిఁ బందెములతోఁ బాటు ఈ యాటపాటల నడపుటయు సంబంధించియుండెను. కావున రథికునకును, రంగోపజీవినికిని వియ్యమందుట వింతగాదు. వారిది ఒకే వాడ.

రోమక ధర్మము ఈ వాడవారిని వేఱుగా నుంచెను. క్రీస్తునకుఁ బూర్వము 18వ సంవత్సరమున అగస్టసు చేసిన వివాహశాసనముచే సెనేటు సభ్యులును, వారి కొడుకులు మనుమలును నటిని గాని, తలిదండ్రులలో నెవరైన నటవృత్తిలో నుండిన స్త్రీని గాని వివాహమాడరాదు. అనఁగా నిషేధము తల్లితో నిలువక కూఁతును సైతము వెంబడించెను. క్రైస్తవ చక్రవర్తుల కాలమునను రంగముమీఁది స్త్రీ తన యిష్టముచే వృత్తిని విడుచుటకు వలనుపడలేదు. ప్రాణాంతికమైన వ్యాధిలో బాప్తిస్మము పొంది దైవవశమున బ్రదికినచో మఱల రంగమునకు లాగరాదని నాలుగవ శతాబ్దిలో నొక శాసనము పుట్టెను. అదే కాలమునఁ బుట్టిన మఱియొక శాసనము మన విషయమునకు మిక్కిలి ముఖ్యమైనది: నటీమణుల కూఁతులు మర్యాదగా జీవించినచో వారిని రంగమునకై పీడింపరాదు, నీచవర్తనమున జీవించినట్లు స్థిరపడినచో వారిని మఱల రంగమునకుఁ బిలిపింపవచ్చును. కాఁబట్టి యొక రంగోపజీవిని కూఁతును గూర్చి "చిన్ననాఁట శీలము లేనిది" యని వ్రాయుట సామాన్యమైన నింద మాత్రమే కాదు. న్యాయశాస్త్ర మెఱిఁగిన ప్రొకోపియసునకు ఆ మాటయొక్క బరువు తెలియును. ఆమె యెక్కడినుండి తప్పించుకొని వచ్చినదో యక్కడికే యామెను మఱల నెట్టు మాట యది.

మన నిఘంటువులకును ఈ దోషము లేకపోలేదు. అమరకోశమందు నటపర్యాయములలో 'జాయాజీవ' శబ్దము చేరియుండుట పండితు లెఱుఁగుదురు. భార్యవలన బ్రదుకువాఁడని యర్థము. ఆడి పాడి బ్రదుకువారిని లోకము మెచ్చుచునే యెట్లు వెలివేసెనో యీ యొక్క పదము చెప్పుచున్నది.

520 తరువాతఁ గొలఁది యేండ్లలో జస్టీను చక్రవర్తి పేర నొక క్రొత్త శాసనము వెలువడెను. దానిచే వృత్తిని విడిచి పశ్చాత్తాపము నొందిన రంగస్త్రీ, చక్రవర్తికి విన్నవించుకొని, పూర్వపు కళంకమును బాసి, యెంతటి గొప్పవానినైన వివాహమాడవచ్చును. కూఁతులకును ఈ మేలు వర్తించును. జస్టీనియను థియొడోరాను బెండ్లాడుటకే ఈ శాసనము పుట్టినదని యందఱు నంగీకరించిన విషయము. మృచ్ఛకటికాంతమున ఆర్యకుఁడు రాజై వసంతసేనకు వధూశబ్దము ననుగ్రహించుట మన చదువరులకు స్మరణకు వచ్చును. అక్కడ రాజానుగ్రహము ఒకతెకు. ఇక్కడ శాసనరూపమున జాతికంతటికిని. ఆంటొనీనా యీ శాసనముమూలముననే బెలిసేరియసునకు భార్య యయ్యెనని ప్రొకోపియసు చెప్పలేదు. కాని రాణియు సేనాపతి భార్యయు నొకే వాడనుండి వచ్చుట యీ కాలముననే సాధ్యమయ్యెను.

బిడ్డల విషయము చూతము. యుద్ధచరిత్రమున 535వ సంవత్సరపు ఇటలీ యాత్రను జెప్పుచు, ఆంటొనీనాకుఁ బూర్వవివాహమునఁ బుట్టిన ఫోటియసు అను నూనూఁగు మీసముల యువకుఁడు సైన్యముతో వెళ్ళెననియు, వయస్సునకు మించిన వివేకము గలవాఁడనియు ప్రొకోపియసు వ్రాసెను. ఆమె యల్లుఁడు ఇల్డిగెరు అను సేనాని యా గ్రంథమునఁ బలుమాఱు కనఁబడును. ఒక గ్రంథమునఁ బూర్వవివాహము. మఱియొక గ్రంథమున వివాహప్రసక్తి లేక పలువురు బిడ్డలు. పని యొక్కటే, ఆమె బెలిసేరియసునకు ముందే బిడ్డలతల్లి. దానికిఁ బెట్టిన పేరే మాఱినది.

533వ సంవత్సరము జూను నెలలో వాండలులమీఁదికి నావికాదండు బయలుదేఱెను. 500 ఓడలు, 10,000 కాల్బలము, 5,000 గుఱ్ఱపుదండు, 92 యుద్ధనౌకలు. భర్తతో ఆంటొనీనాయు నెక్కెను. ఈ యాత్రలో రెండు కష్టములు గలిగినవి. మొదటిది రొట్టె. దండునకు రొట్టెను రెండుమాఱులు కాల్చి యిచ్చుట మర్యాద. అట్లైన నది నిలువ యుండును. ధనాధికారియగు కప్పడోకియా జాను కట్టెల వ్యయమును మిగుల్చుకొనఁదలఁచి, స్నానశాల పొయ్యిమీఁద నొకమాఱు పైపైఁ గాల్పించి సంచులఁ గట్టించెను. మెథోనే రేవునకుఁ జేరునప్పటికి రొట్టె బూజుపట్టి పిండియై పోయెను. దానిని దిని 500 మంది సైనికులు మరణించిరి. రెండవది నీరు. జాకింథసు ద్వీపమునుండి సిసిలీ చేరుటకు గాలి లేక పదునాఱు దినములు పట్టెను. ఓడలలోని నీరంతయుఁ జెడెను; బెలిసేరియసును అతని పంక్తిభోజనము చేయువారును త్రాగెడు నీరు మాత్రము చెడలేదు. కారణ మేమనఁగా, ఆంటొనీనా గాజు జాడీలలో నీరు నింపించి, ఓడ యడుగున వెలుఁగు చొరని చోటఁ బలకలతోఁ జిన్నగది కట్టించి, యందు ఇసుక పోయించి, జాడీలను ఆ యిసుకలోఁ బూడ్పించెను.

వేసవిలోఁ దడియిసుకపైఁ గుండలను నిలుపు మన యిల్లాండ్రకు ఈ యుపాయము వింతగాఁ దోఁపదు. కాని యిన్ని వేలమంది నావికులు, ఇందఱు సేనాధిపతులు నున్న దండులో నొక్కరికిని దట్టని యుపాయ మిది. ఇందు వ్యంగ్యములేదు, నిందలేదు. ప్రొకోపియసు ఆ యాత్రలో నున్నవాఁడు. ఆ నీరు త్రాగినవారిలో నతఁడు నుండియుండవచ్చును. రహస్యచరిత్రమున నీ జాడీల మాట లేదు. అదే యాత్రను జెప్పుచోట నచట నున్నది థియొడోసియసు కథ.

థియొడోసియసు థ్రేసుదేశపు యువకుఁడు. ఓడ యెక్కుటకు ముందు బెలిసేరియసు అతనికి బాప్తిస్మ మిప్పించి తాను ధర్మపిత యయ్యెను. ప్రయాణములో ఆంటొనీనా అతనిని మోహించెననియు, కార్తేజిలో భూగృహమున వీరిరువురును భర్త కంటఁ బడఁగా "కొల్లసొమ్ము చక్రవర్తి కంటఁ బడకుండ దాఁచుచున్నాము" అని చెప్పి నమ్మించెననియు, సిరక్యూసులో మాసిడోనియా యను దాసి రహస్యమును బయట పెట్టఁగా ఆమెకును సాక్ష్యమిచ్చిన మఱి యిరువురు పనివాండ్రకును నాలుకలు గోయించి, దేహములను దునుకలు చేయించి సముద్రమునఁ గలిపించెననియు కథ. ఇది సత్యమైనచో ఘోరము. ఇది సత్యము కాదని చెప్పుటకు నాకు నాధారము లేదు. కాని యిందలి ముఖ్యసాక్షులు చచ్చినవారు. నేరము చేసిన సేవకుఁడు యజమానురాలి మనిషి. కార్తేజి భూగృహమున నున్నవారు ముగ్గురు. వారిలో నెవరు ప్రొకోపియసుతోఁ జెప్పిరో యతఁడు చెప్పఁడు. సంధిపత్రములను, సేనాసంఖ్యలను జెప్పునపుడు ఇంత యస్పష్టత యతని రచనయందు లేదు.

పోల్చి చూచుటకు వీలైన ఘట్టమును దీసికొందము. కాన్‌స్టాంటైను అను సేనాని రోములోఁ జంపఁబడెను. యుద్ధచరిత్రము చెప్పు వృత్తాంతము: ప్రెసీడియసు అను రవెన్నాపురవాసికి బంగారు రత్నపు టొరలుగల రెండు చురకత్తులుండెను, కాన్‌స్టాంటైను వానిని లాఁగికొనెను, బెలిసేరియసు తిరిగి యిమ్మని యాజ్ఞాపింపఁగా నిరాకరించి, తనను బట్టుకొనవచ్చినవారిని జూచి బెదరి, బెలిసేరియసు కడుపునఁ బొడువఁబోయెను, పిమ్మట వధింపఁబడెను. ఈ వధ బెలిసేరియసు చేసిన యేకైక పాపకార్యమని సైతము ఆ గ్రంథముననే ప్రొకోపియసు వ్రాసెను. రహస్యచరిత్రము చెప్పునది: థియొడోసియసు వ్యవహారమున, తానైనచో యువకుని గాక యాఁడుదానినే ముందు చంపియుందునని కాన్‌స్టాంటైను పూర్వ మొకప్పు డనెను, ఆ మాటకుఁ బగఁబట్టి ఆంటొనీనా యతనిని జంపించెను. కత్తులును నిజమే, వధయు నిజమే. సేనాపతిపై నందఱ యెదుటఁ గత్తి దూసినవానికి మరణదండనము విధించుటకు వేఱు కారణము కావలెనా? అంతకంటె, మొదటి గ్రంథముననే దీనిని బాపమని చెప్పుటకు జంకనివాఁడు, ఆ భాగమున భయముచే సత్యమును దాఁచెనని యెట్లు నమ్మవచ్చును? ఈ ఘట్టమున నేను మొదటి గ్రంథము పక్షము.

రోము ముట్టడి 537 మార్చి మొదలు 538 మార్చి వఱకు జరిగెను. ముట్టడి నడుమ ఆంటొనీనాను దక్షిణమునకుఁ బంపిరి. నేపుల్సు ప్రాంతమునఁ బ్రొకోపియసు 500 మందికిఁ దక్కువగాని సైనికులను గూర్చి, ధాన్యపు టోడలను నింపించుచుండఁగా, ఆంటొనీనా వచ్చి యా నౌకల నేర్పాటునందుఁ బాలుగొనెనని యతఁడే వ్రాసికొనెను. గ్రంథకర్తయు నాయికయు నొక్క పనిమీఁదఁ జేరిన సందర్భ మిది, ఇచ్చటను నిందలేదు. తరువాత నోడలు ఒస్టియా రేవు చేరినవి. టైబరు నదికి నొక దరిని శత్రువులు. రెండవ దరిని ఎడ్లచే లాగింపవలసిన త్రోవ లేదు. తెల్లవాఱఁగనే ఆంటొనీనా సేనాధిపతులతోఁ గూడి యాలోచించెను. పెద్దయోడల వెంటనున్న చిన్నపడవలకుఁ జుట్టు నెత్తుగాఁ బలకలు గట్టి, విలుకాండ్రను నావికులను ఎక్కించి, గాలి కుదిరినచోటఁ దెరచాపలతోను, నది వంపు తిరిగినచోట తెడ్లతోను రోమునకు ధాన్యమును జేర్చిరి. సేనాధిపతుల సభలో నొక స్త్రీ పేరును ముందుగా వ్రాయుట ఆ చరిత్రకారుని యాచారము కాదు. వ్రాసెను గనుక నామె యందుఁ బ్రధానముగా నుండినదనియే తలంపవలెను.

ఆ ముట్టడికాలముననే పోపు సిల్వీరియసు పదభ్రష్టుఁడయ్యెను. యుద్ధచరిత్రమున నీ సంగతి రెండు వాక్యములు: గోతులతోఁ గుట్ర చేయుచున్నాఁడను ననుమానముచే గ్రీసునకుఁ బంపివేసి విజీలియసును పోపుగా నియమించిరి. ఆంటొనీనా పేరు లేదు. రహస్యచరిత్రము ఇది రాణి సంతోషమునకై ఆంటొనీనా చేయించిన పనియనును. ఇచ్చట మనకు మూఁడవ సాక్షి యున్నాఁడు. రోములోని పోపుల చరిత్రములను లాటినుభాషలోఁ గూర్చిన గ్రంథమున, పాట్రీషియా ఆంటొనీనా శయ్యపై నానుకొనియుండఁగా, బెలిసేరియసు ఆమె పాదములచెంతఁ గూర్చుండి యుండఁగా, సిల్వీరియసును లోపలికిఁ బిలిపించి, విచారణమాటలను బలికినది ఆమెయే యని వ్రాయఁబడినది. ఆ గ్రంథకర్త రహస్యచరిత్రమును జూచి వ్రాసినవాఁడు కాఁడు. ఈ రెండు సాక్ష్యములును వేఱువేఱు దారులనుండి వచ్చి కలిసినవి గావున, ఈ పాపమున ఆంటొనీనాకుఁ బాలు కలదనుట తప్పదు. రహస్యచరిత్రము సర్వమును ద్వేషకల్పితమని త్రోసివేయువారు ఈ ఘట్టమును మఱవఁగూడదు.

అట్లే 541వ సంవత్సరమున కప్పడోకియా జాను పతనము. రొట్టెను జెఱిచిన జానే యితఁడు. రాణికిఁ బగవాఁడు, చక్రవర్తికి ధనము దెచ్చువాఁడు గనుక నామె యతనినిఁ గదల్పలేకపోయెను. ఆంటొనీనా యతని యేకైకపుత్రికయగు యూఫేమియాతోఁ జెలిమి చేసి, బెలిసేరియసునకు జరిగిన గౌరవము చాలదని చక్రవర్తిని నిందించి, సైన్యమున్నను నగరములో సాయపడువారు లేరని నిట్టూర్చి, తండ్రిని గలిసికొనుటకు దారి యేర్పఱచుకొనెను. కాల్సిడోను సమీపమున బెలిసేరియసునకు రూఫీనియాని యను తోఁటయిల్లుండెను. అర్ధరాత్రమున జాను అక్కడికి వచ్చి గోడచెంత నామెతో రాజద్రోహమును మంతనమాడెను. గోడ యావల రాణి పంపిన నార్సీసు, మార్సెల్లసు అనువారు వినుచుండిరి. జాను పాఱిపోయి దేవాలయమున శరణు జొచ్చి, పదవిని గోల్పోయి, బలవంతముగాఁ బురోహితుఁడుగాఁ జేయఁబడి, పిమ్మట ఈజిప్టునకుఁ బంపఁబడెను. ఇది యంతయు నాఁడు ప్రకటితమైన యుద్ధచరిత్రముననే కలదు. అసాధ్యమైనదానికి నుపాయము పన్నుటలో ఆంటొనీనా మనుష్యులందఱిలో సమర్థురాలని గ్రంథకర్త యందే యనును. రహస్యచరిత్రము చేర్చునది, ఆమె చేసిన ప్రమాణములు. దేవుని పేర బాసలుచేసి తండ్రిని గూఁతును వంచించినదని. కపటము లేనిదే యీ పని జరుగదు గనుక నా చేర్పును నమ్మవచ్చును. జాను దుర్మార్గుఁడు, యూఫేమియా చేసిన తప్పేమి? రెండు గ్రంథములలోను ఆ బాలిక గతి యేమాయెనని విచారించిన వాక్యము నాకుఁ గనఁబడలేదు.

ఆ యేఁటనే పారసీక యుద్ధమున బెలిసేరియసు సిసౌరానను కోటను బట్టి ముందునకుఁ బోక వెనుదిరిగెను. యుద్ధచరిత్రము జ్వరములచే సైన్యమున మూఁడవవంతు పడిపోవుటను, అరబ్బు నాయకుఁడగు అరేథసు తిరిగి రాకపోవుటను గారణములుగాఁ జెప్పును. రహస్యచరిత్రము, భార్య కాన్‌స్టాంటినోపులు విడిచి వచ్చుచున్నదని విని, ఆమెను బట్టుకొని దండించుటకై సేనాపతి యుద్ధమును విడిచి వచ్చెననును. తల్లి నడవడిని జూచి సహింపఁజాలని ఫోటియసే మారుతండ్రికి సాక్షియై నిలిచి, థియొడోసియసును ఎఫెససులోఁ బట్టి దాఁచెను. రాణి వారినందఱిని రాజధానికిఁ బిలిపించి, ఆంటొనీనాను భర్తతో సమాధానపఱిచి, ఫోటియసును జీకటికొట్టులలోఁ బెట్టించెను. అతఁడు మూఁడవమాఱు తప్పించుకొని యెరూషలేము చేరి సన్న్యాసి యయ్యెను. థియొడోసియసు కొలఁదికాలములో గ్రహణివ్యాధిచే మరణించెను.

ఆంటొనీనామీఁది యపవాదములలో నాకు బలవత్తరముగాఁ దోఁచునది ఫోటియసు సంగతి. వ్యభిచారమును రుజువు చేయుటకు దాసీల మాటకంటెఁ గొడుకు బాధ గట్టి సాక్ష్యము. యుద్ధచరిత్రము వివేకి యని కొనియాడిన యువకుఁడు తల్లిమీఁద నూరక యింత తెగింపునకుఁ బూనుకొనఁడు. ఐనను జ్వరములును సత్యములే. ఒక్క స్త్రీ ప్రయాణముచే దండయాత్ర చెడెననుట, శిబిరములో మూఁడవవంతు మంది మంచముపట్టిన సంగతిని వ్రాసిన చేతికిఁ దగదు.

542లో మహామారి వ్యాపించి, చక్రవర్తియు వ్యాధిగ్రస్తుఁడై, బెలిసేరియసు అవిధేయవాక్యము లాడెనను నెపమున పదవిని, పరిజనమును గోల్పోయెను. అప్పుడు రాణి యొద్దనుండి యొక జాబు వచ్చెననియు, అతని తప్పు భార్యకొఱకు క్షమింపఁబడినదని యందుండెననియు, అతఁడు భార్యపాదములమీఁదఁ బడెననియు రహస్యచరిత్రము. పడకగదిలో జరిగినట్లు చెప్పఁబడిన యీ దృశ్యమే పిమ్మటి చిత్రకారులకును నవలాకారులకును మిక్కిలి రుచించినది. రాణి చెలిమిచే ఆంటొనీనా భర్తను నిలువఁబెట్టినదనునంతవఱకు దీనినుండి గ్రహింపవచ్చును.

544లో బెలిసేరియసు మఱల ఇటలీకి వెళ్ళెను. సైన్యము చాలదు, ధనము లేదు. 548లో భార్యను రాజధానికిఁ బంపి, రాణిమూలమున నెక్కువ సైన్యమును గోరఁదలఁచెను. ఆమె చేరునప్పటికి, ఆ యేఁడు జూను 28వ తేది రాణి మరణించియుండెను. ఆంటొనీనా వెంటనే కోరికను మార్చుకొనెను: సైన్యము దొరకదు, భర్తను దిరిగి పిలిపింపుఁడని చక్రవర్తిని వేఁడుకొనెను, పిలిపించుకొనెను. యుద్ధచరిత్రమున నామె చేసినట్లు చెప్పఁబడిన కడపటి గొప్పపని యిదియే. వీరికిఁ గలిగిన యేకపుత్రిక జొయన్నీనా. ఆమెను దన మనుమఁడగు అనస్టాసియసునకుఁ జేయవలెనని రాణి పట్టుపట్టి, తలిదండ్రులు రాకమునుపే వారిరువురను గాఁపురముంచెను. రాణి పోయిన పిమ్మట ఆంటొనీనా యా సంబంధమును దెంచివేసెనని రహస్యచరిత్రము. దంపతు లన్యోన్యముగా నుండిరనియు నదే చెప్పుచున్నది. తన తల్లి వాడనుండి వచ్చిన ముద్రను జీవితమంతయు మోసిన స్త్రీ, కూఁతు ప్రతిష్ఠకుఁ గలుగు హానిని లెక్కచేయకపోవుట యాశ్చర్యము. ఇది కృతఘ్నతయో, రాజగృహపు పొత్తునుండి సొత్తును గాపాడుకొనుటయో చెప్పుట నా శక్తికి మించినది.

బెలిసేరియసు 565వ సంవత్సరము మార్చిలో మరణించెను. అతఁడు గ్రుడ్డివాఁడై భిక్షమెత్తెనను కథ యెన్నో శతాబ్దుల పిమ్మటిది. దానికిఁ బ్రమాణము లేదు. ఆ కథతోడనే ఆంటొనీనా మఱింత చెడెను. 1836లో వెనిసు నగరమున డోనిజెట్టి 'బెలిసారియో' యను గేయనాటకమును బ్రదర్శించెను. అందు భర్తపై ద్రోహాపవాదము మోపి యతని కన్నులు పోవుటకుఁ గారణమైనది ఆంటొనీనా. ప్రొకోపియసు రెండు గ్రంథములలోను నిట్టిది లేదు. రవెన్నాలోని సాన్ విటాలె దేవాలయపు రాతిరంగుల చిత్రమున రాణి ప్రక్క నిలుచున్న యువతిని ఆంటొనీనా యని కొందఱు చెప్పుదురు, అదియు నూహయే. 1938లో రాబర్టు గ్రేవ్సు ఇంగ్లీషున వ్రాసిన బెలిసేరియసు నవల యామె సేవకుఁడు చెప్పినట్లుగా నడచుటచేతఁ గొంత యామె పక్షమునఁ జదువరుల మనస్సును ద్రిప్పినది. అదియు కల్పనయే.

కావున మన భాషలో నీమెను గూర్చి వ్రాయువారికిని, పాఠశాలలలోఁ జెప్పువారికిని నా విన్నప మొక్కటి. సిల్వీరియసు విషయమును, జాను వంచనను, ఫోటియసు దుఃఖమును విడువక చెప్పుఁడు. ఇసుకలోఁ బూడ్చిన నీటిజాడీలను, ఒస్టియా పడవలను సైతము విడువక చెప్పుఁడు. థియొడోసియసు కథను, కాన్‌స్టాంటైను వధకుఁ బెట్టిన రెండవ కారణమును 'రహస్యచరిత్రమున నిట్లున్నది' యని గ్రంథము పేరుతోఁ జెప్పుఁడు. ఆమెను 'నటి' యని వ్రాయకుఁడు. మూలమందున్నది 'రంగోపజీవిని కూఁతురు' అని మాత్రమే.